అలుకుపూత తెచ్చిన చిక్కు

పాలమూరు నుంచి ఆనకట్ట పనికి వచ్చిన, నిలువ నీడలేని కూలీల కోసం నందికొండ దగ్గర సర్కారు ఒక రేకుల షెడ్డు వేసింది. అందులో ఉండే పిల్లలకు మధ్యాహ్నం జొన్నరవ్వ గట్క, పప్పు సర్కారు ఖర్చే. వండిపెట్టేది సుక్కమ్మ. ఆ పొద్దున ఆమె పొయ్యి రాజేస్తుండగా, తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నాడని కబురొచ్చింది.

తనిఖీ అంటే ఏమిటో సుక్కమ్మకు తెలియదు. గడపలోకి వచ్చేవాడు చుట్టమని మాత్రం తెలుసు. చుట్టం వస్తుంటే అలక్కుండా ఉంటారా? ఎర్రమన్ను తెచ్చి షెడ్డు మట్టిగోడలన్నీ పూసింది, వాకిలి అలికి ముగ్గేసింది. అది చూసి పక్క గుడిసె నర్సింగమ్మకు రోషం పుట్టింది. తన పెళ్ళినాటి ఇత్తడి బిందెలు తెచ్చి వరుసగా పేర్చి, మేస్త్రీ ఇంటినుంచి నులకమంచం మోయించి, దానిమీద తన నారాయణపేట చీర పరిచింది. పెద్దమనిషికి పాలైనా ఇవ్వకపోతే ఎట్లా అని గొర్లకాపరి బీరప్ప రెండు మేకల్ని తోలుకొచ్చి గుంజకు కట్టేశాడు. ఇంకేముంది, షెడ్డు కాస్తా పటేలు ఇల్లయి కూర్చుంది.

అధికారి జీపు దిగి బిందెలు చూశాడు, మేకల్ని చూశాడు, మంచమ్మీద కూర్చున్నాడు. ఈ ఇల్లెవరిదని అడిగాడు.

మర్యాదకు లోటు రాకూడదని సుక్కమ్మ, "మాదే సారూ, మంచిగ కూసోండ్రి" అంది.

అంతే. ఇల్లూ పాడీ ఉన్నవాళ్ళకు సర్కారు తిండి చెల్లదు, నేటితో బంద్ అన్నాడు. వెంట వచ్చిన గుమాస్తా గట్క గంజు మీద మూత పెట్టేశాడు. పళ్ళేలు పట్టుకుని కూర్చున్న పిల్లలు ఆ మూత వైపే చూస్తున్నారు. బిందెలు నావని నర్సింగమ్మ, మేకలు నావని బీరప్ప ఒకేసారి మొదలుపెట్టారు. ఇంతమంది ఆస్తిపరులా అని ఆయన ఇంకా మండిపడ్డాడు.

నడుం పడిపోయేలా అలికింది ఇందుకా అనుకుంది సుక్కమ్మ. కొంగు బిగించి మంచానికి ఎదురుగా నిలబడింది.

"మంచిది సారూ. మేము ఇల్లున్నోళ్ళమని మీరే అన్నరు. గదే రాసియ్యుండ్రి. గీ జాగకు మా పేరు మీద పట్టా ఇయ్యుండ్రి. మీ గట్క మాకొద్దు, మా ఇంట్ల మేమే వండుకుంటం."

ఇది సర్కారు జాగా, పట్టా ఎలా వస్తుందని ఆయన గద్దించాడు.

"మీ జాగైతే మాకు ఇల్లెక్కడిది? మాదైతే పట్టా, మీదైతే గట్క. ఏదో ఒకటి ఇచ్చినంకనే జీపు కదులుతది."

పిల్లలు పళ్ళేలతో సహా లేచి వెళ్ళి జీపు ముందు కూర్చున్నారు. వాళ్ళ వెనక ఆడవాళ్ళూ కూర్చున్నారు. అడగందే అమ్మైనా పెట్టదు, సర్కారు పెడుతుందా? అధికారి గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా మేకల వైపు చూశాడు. సర్కారు భూమికి పట్టా ఇస్తే తన ఉద్యోగానికే ఎసరని అధికారికి తెలుసు. కాసేపు మెడ తుడుచుకుని, ఇక్కడ ఇల్లన్నదే లేదనీ, వీళ్ళకు నిలువ నీడ లేదనీ రాయించి, గంజు మూత తీయమన్నాడు.

పొద్దున వచ్చిన ఇల్లు మధ్యాహ్నానికి పోయింది. పిల్లలు మాత్రం మారు వడ్డించుకుని తిన్నారు.