అట్ట మీద రాజుగారు

ఒక పెద్ద అడవిలో పుస్తకాలు చదివేవాళ్ళ కంటే వాటికి అట్టలు వేసేవాళ్ళే ఎక్కువ.

ఎక్కడో దూరాన ఉన్న మెట్టసీమ నుంచి వచ్చి ఆ అడవిలో కాపురం పెట్టింది నాంచారమ్మ అనే ఏదుపంది. ఆమె పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. గుమ్మం ముందే వాగు పారుతుంటే పెరిగారు. నీళ్ళ కోసం ఇసుక తవ్వే చోటొకటి ఉందంటే నమ్మరు. తను పోయాక తమ సీమ సంగతి వీళ్ళకెవరు చెబుతారన్నదే నాంచారమ్మ బెంగ.

ఆ బెంగతోనే, ఒంటి మీది ముళ్ళు ఒక్కొక్కటే పీకి కలాలు చేసుకుని, నాలుగేళ్ళు కూర్చుని నవల రాసింది. పేరు 'మెట్టసీమ చెలమ'. చెలమంటే ఎండిన వాగులో ఇసుక తోడితే ఊరే నీటిగుంట. అదెంత లోతుంటుందో సరిగ్గా గుర్తురాక, కాకితో సీమలోనే ఉండిపోయిన అక్కగారికి కబురంపి, జవాబొచ్చేదాకా ఆ వాక్యం ముట్టుకోలేదు.

నవల రాయడం ఒక ఎత్తు, అట్ట వేయించడం ఇంకో ఎత్తు. అందుకు అట్టల సంఘం ఒప్పుకోవాలి. అధ్యక్షుడు జంబులింగం అనే నక్క. సభ్యులు మయూరరావు అనే నెమలి, భల్లయ్య అనే ఎలుగుబంటి. అట్ట ఖాయమయ్యేదాకా పుస్తకాన్ని ఎవరూ చదవకూడదని ఆ సంఘం కట్టుబాటు. చదివితే పక్షపాతం వస్తుందట.

"అట్ట మీద చిన్న చెలమ చాలండీ," అంది నాంచారమ్మ. "పిల్లలు చూడగానే ఇదేమిటని అడగాలి."

"చెలమంటే నీళ్ళు. నీళ్ళంటే వాన. వానంటే నేను," అన్నాడు మయూరరావు, అప్పుడే తోక విప్పుతూ.

"తేనెపట్టు లేని అట్టని ఎవడు ముట్టుకుంటాడండీ?" అన్నాడు భల్లయ్య.

"నవల్లో తేనె లేదండీ."

"లోపల లేనప్పుడే కదమ్మా పైన ఉండాల్సింది!"

జంబులింగం గొంతు సవరించుకున్నాడు. "మీరిద్దరూ ఉండండయ్యా. పులిరాజుగారి ముఖం వేద్దాం. ఆ ముఖం చూశాక కొనకుండా పోయే దమ్ము ఎవడికుంది?"

"రాజుగారు నా కథలో లేరండీ."

"ఉన్నారని నేనన్నానా తల్లీ? అట్ట మీద ఉంటారంటున్నాను."

"పోనీ, ఓ మూలన చెలమ..."

"ఆయన నోరు తెరిపిద్దాం. అదీ గుంటే కదా!"

కాదంటే మళ్ళీ వంతు రావడానికి మూడు వానాకాలాలు పడుతుంది. అప్పటికి పిల్లలు ఎవరి దారిన వాళ్ళు పోతారు. నాంచారమ్మ రెండు రాత్రులు నిద్రపోకుండా ఆలోచించి, కాగితం మీద కాలిముద్ర వేసింది.

పుస్తకాలు ఎగబడి కొన్నారు. గుహల్లో ఎత్తైన చోట పెట్టి పూలు చల్లారు. తెరిచినవాడు మాత్రం లేడు. అట్ట తిప్పితే రాజుగారి ముఖం నేలకి తగులుతుంది మరి! ఒక కుందేలు సగం తిప్పిందో లేదో, కాపలా రేచుకుక్కలు వచ్చి పట్టుకుపోయాయి.

"విప్పి చదవండర్రా!" అని నాంచారమ్మ ఇంట్లో బతిమాలింది.

"అమ్మో, రాజుగారు బోర్లా పడితే బళ్ళో తోలు తీస్తారు," అన్నాడు పెద్దాడు. చిన్నది పుస్తకానికి దండం పెట్టి ఆడుకోవడానికి పోయింది.

ఇది కనిపెట్టిన జంబులింగం రెండో ముద్రణలో లోపలన్నీ తెల్ల కాగితాలే కుట్టించాడు. ఎవరూ తెరవనిదానికి అచ్చు దండగ కదా! ఆ ఊపులోనే సన్మానసభ పెట్టి, కొత్త ప్రతిని స్వయంగా పులిరాజు చేతిలో పెట్టాడు.

తన ముఖాన్ని తిప్పే హక్కు అడవిలో ఒక్క రాజుకే ఉంది. తిప్పాడు. తెలుపు. ఇంకోటి తిప్పాడు. తెలుపే.

"జంబులింగం, మా ముఖం వెనక ఏమీ లేదంటావా?"



ఆ సాయంత్రానికే హుకుం వచ్చింది. రాజుగారి ముఖాలన్నీ మర్యాదగా ఊడదీసి కోటకి చేర్చాలి. జంబులింగాన్ని అట్టల సంఘం నుంచి తీసేసి, అంతకంటే పెద్ద సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు.

రేచుకుక్కలు నాంచారమ్మ ఇంటికీ వచ్చాయి. మొదటి ముద్రణ ప్రతికి అట్ట చింపుకుని, మిగతాది గుమ్మంలో పడేసి పోయాయి. అట్టతో పాటు ఆమె పేరూ పోయింది. ఇప్పుడది ఎవరు రాశారో తెలియని కాగితాల కట్ట.

గాలికి అది తెరుచుకుంది. చిన్నది వంగి చూసింది. పెద్దాడు దాని భుజం మీదుగా తల దూర్చాడు. పొయ్యి మీది గంజి పొంగుతున్నా నాంచారమ్మ కదల్లేదు.

చాలాసేపటికి చిన్నది తలెత్తింది. "అమ్మా, ఈ వాగులో నీళ్ళే లేవు. మరి దీన్ని వాగని ఎందుకంటారే?"

"చెప్తాను, ఇలా రా," అని నాంచారమ్మ ముళ్ళు దగ్గరికి ముడుచుకుని, పిల్లలకి చోటిచ్చి కూర్చుంది.

కనుక పుస్తకానికి అట్ట ఉండి తీరాలి. లేకపోతే చింపడానికి ఏముంటుంది?