యాడికి అని అడగని ఫోన్

నెత్తళ్ల తలలు గిల్లుతూ చెబుతున్న మాట ఇది. కాస్త నీచు వాసన వస్తే రావచ్చు గానీ నిజం మాత్రం నిజమే. ఈ రోజుల్లో మన సంస్కృతిని కాపాడుతున్నది పెద్దలు కాదు, పండగలు కాదు, ఉపన్యాసాలు అసలే కాదు. లైవ్ లొకేషన్!

ఒడిలో చేట, పక్కన గిన్నె, గిన్నెను కాచుకుని పిల్లి, పిల్లి పక్కన ఫోన్. ఆ ఫోన్ ఇప్పుడే టింగుమంది. మా అన్న మెసేజీ. "సాయీ, నీది ఆగిపోయింది. మళ్లీ పెట్టు." రెండు చేతులూ చేపల్లో ఉన్నాయి. మోచేత్తో నొక్కితే ఫోన్ ఒప్పుకోలేదు. ముక్కు కొనతో నొక్కాను, ఒప్పుకుంది. ఇక ఎనిమిది గంటల పాటు నేను ఈ భూగోళం మీద ఎక్కడున్నానో మా ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

ఎక్కడుంటాను? ఈ పీట మీదే.

ఎనిమిది గంటలకు గడువు తీరిపోతుంది కాబట్టి రోజుకు మూడుసార్లు పెట్టాలి. పూర్వం మూడు పూటలా సంధ్య వార్చేవాళ్లట. ఆ నిష్ఠ ఈ కాలంలో ఎక్కడిదని బాధపడేవాళ్లు ఒకసారి మా ఇంటికి రండి!

మాది కావలి నుంచి సముద్రం వైపు పోయే దారిలో వరి పండే ఊరు. మా నాయన పద్మనాభయ్య సేద్యం చేస్తాడు. అన్న నరేంద్రబాబు బోగోలులో రొయ్యల మేత అమ్మే కొట్లో పనిచేస్తాడు. అమ్మ మాలకొండమ్మ, వదిన వినీల, నేను ఇంట్లో ఉంటాం. అన్న కొత్త ఫోన్లు తెచ్చి, మా ముగ్గురి ఫోన్లలోనూ లొకేషన్ పెట్టి, 'మన ఇల్లు' అనే గ్రూపులో కలిపాడు. ఆయన ఫోన్లోనూ నాయన ఫోన్లోనూ పెట్టలేదు. మగవాళ్ల ఫోన్లకు చార్జింగ్ నిలవదు కదా!

నేను దూరవిద్యలో సమాజశాస్త్రం చదువుతున్నాను. సంస్కృతి పుట్టుకతో రాదు, చుట్టూ ఉన్నవాళ్లను చూసి నేర్చుకుంటాం అని మొదటి పాఠంలోనే ఉంది. బాగానే ఉంది. కానీ పుస్తకంలో లేని సంగతి ఒకటి మా గడప దగ్గర కూర్చుని తెలుసుకున్నాను. ఒక చోటి మనుషులు అర్థం కావాలంటే వాళ్లు ఏం అడుగుతారో చూస్తే చాలదు. ఏది అడగరో చూడాలి.

మా వైపు, బయటికి బయలుదేరిన మనిషిని "యాడికి?" అని అడగకూడదు. అడిగితే పోయే పని చెడుతుంది.

ఈ సంగతి వదినకు కొత్తలో తెలియదు. ఆమెది పులికాట్ పక్క దొరవారిసత్రం. కాపురానికి వచ్చిన వారంలోనే, చెప్పులు తొడుక్కుంటున్న నాయనను నవ్వుతూ అడిగేసింది: "యాడికి మామా?"

నాయన ఆ చెప్పులు విప్పేశాడు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. "అయిపోయినట్టే ఈ పొద్దు," అన్నాడు. తర్వాత పోయాడనుకోండి. కానీ ఆ రోజు మోటారు కాలిపోయింది, దారిలో బండి పంక్చరైంది, సాయంత్రం పక్క ఊళ్లో ఎవరికో పాము కనపడింది. మూడూ వదిన లెక్కలోనే పడ్డాయి.

"అట్ట అడగరు మే!" అని అమ్మ వంటింట్లోకి లాక్కెళ్లి నేర్పింది. "ఎందాకా అని అడగాల. దూరమా అని అడగాల. యాడికి అని మాత్రం నోట్లో నుంచి రాకూడదు."

పుస్తకంలో దీన్ని ఆచారం అంటారు. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగడాన్ని శిక్ష అంటారు. అమ్మ చెవిలో చెప్పడాన్ని సామాజీకరణ అంటారు. ఒక్క చెంబు నీళ్లలో మూడు పాఠాలు!

వింత ఏమిటంటే, అదే నాయన గడప దాటి నాలుగడుగులు వేయగానే ఎదురింటి మెట్ల మీద నుంచి చెంచమ్మ కేకేస్తుంది: "యాడికి అబ్బయ్యా?" అక్కడ అపశకునం లేదు. పైగా అడగకపోతేనే తప్పు. చూసి కూడా పలకరించలేదని నెల రోజులు మాటలుండవు. దానికి జవాబు కూడా ఖాయం: "ఇట్టా." యాడికి? ఇట్టా! ఇందులో ఊరి పేరు లేదు, పని పేరు లేదు, ఏమీ లేదు. అయినా చెంచమ్మ మనసు నిండిపోతుంది. ఒకే ప్రశ్న గడప లోపల పాపం, గడప బయట మర్యాద. నియమం అనేది చోటును బట్టి మారుతుందని నిరూపించడానికి పరిశోధకులు ఎక్కడెక్కడికో పోతారు. మా వీధికి వస్తే బస్సు చార్జీతో అయిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, ఇలాంటి ఇంట్లో ఎంత చిక్కు? ఎవరు ఎక్కడికి పోతున్నారో తెలియకపోతే ప్రాణం ఊరుకోదు. అడుగుదామంటే అపశకునం. తరతరాలుగా నెల్లూరు సీమ ఈ సంకటంలో నలిగిపోయింది. ఎంతమంది అత్తలు అడగలేక, అడగకుండా ఉండలేక, దగ్గి దగ్గి గొంతులు పాడుచేసుకున్నారో!

ఫోన్ వచ్చింది, పీడ విరగడైంది. ఎవరూ అడగరు, అందరికీ తెలుస్తుంది. వస్తువు ముందు బస్సులో వస్తుంది, బుద్ధి వెనక బస్సులో వస్తుంది అని మా పుస్తకం బాధపడుతుంది. దానికి సాంస్కృతిక విలంబన అని పేరు. మా ఇంట్లో ఆ బాధే లేదు. రెండూ ఒకే బస్సు దిగాయి.

లాభాలు ఒకటా రెండా? పోయిన నెల అమ్మ గేదె దగ్గర పాలు పితుకుతుంటే అన్న నుంచి ఫోన్. నేనే అమ్మ చెవి దగ్గర పెట్టాను.

"అమ్మా, రొయ్యల గుంట కాడికి ఎందుకు పోయినావు?"

"యాడికీ పోలేదు నాయనా. గేదె కాడ ఉండా."

"లేదమ్మా, నువ్వు గుంట నడిమధ్యలో ఉండావు. నాకు కనపడతా ఉంది!"

"గుంటలో ఉంటే పాలెట్ట పితుకుతానురా?"

"ఏమో అమ్మా. ముందు గట్టుకు రా!"

మా అమ్మ మంచిది. కొడుకు కోసం పాలచెంబు పట్టుకుని పాకలో నుంచి నాలుగడుగులు పక్కకు జరిగింది. "ఇప్పుడు?" అంది. "ఆ, గట్టెక్కినావు," అని అన్న ఊపిరి పీల్చుకున్నాడు. తల్లీ కొడుకుల మధ్య ఇంత అనురాగాన్ని ఇంకే యంత్రం పుట్టించగలదు?

వదిన విషయంలో ఈ యంత్రం మరీ రసికురాలు. ఆమె ఫోన్లో పెట్టుకున్నది పెళ్లి ఫోటో. మ్యాపులో మనిషి గుర్తుగా ఆ ఫోటోనే గుండ్రంగా కదులుతుంది. ఫోటోలో అన్న కూడా ఉన్నాడు కాబట్టి వదిన కరివేపాకుకు పోయినా, కుళాయి దగ్గరికి పోయినా, పూలదండతో ఆయన కూడా పక్కనే పోతుంటాడు. ఏడడుగులు అన్నారు పెద్దలు. ఇప్పటికి ఎన్ని వేల అడుగులైనాయో!

ఇక అసలు మేలు చెబుతాను. వదినకు ఈ పక్క తెలిసిన మనిషి ఒక్కతే, ఫ్లోరా. చిన్నప్పటి నుంచి కలిసి చదువుకున్నారు. ఫ్లోరా పెళ్లయి కావలి వచ్చి, బస్టాండు వెనక కుట్టుమిషను కొట్టు పెట్టుకుంది. వదిన గురువారం గురువారం జాకెట్టు గుడ్డ పట్టుకుని పోయేది. మా ఇంట్లో ఆమె ఏం చేసినా, "మీ పక్క అట్టనా!" అని అమ్మ జాలిపడుతుంది. వాళ్లింట్లో చేపల పులుసులో మామిడికాయ వేయరని తెలిసిన రోజు, అమ్మ పరాయి దేశపు మనిషిని చూసినట్టు చూసింది. తన పులుసుతో లోకాన్ని కొలవడం గురించి కూడా మా పుస్తకంలో ఒక పాఠం ఉంది. ఫ్లోరా దగ్గర మాత్రం వదిన ఏ పులుసుకూ సంజాయిషీ చెప్పక్కర్లేదు. గురువారం రాత్రి ఆమె కూని రాగం తీస్తూ గిన్నెలు తోమేది.

ఒక గురువారం పెళ్లి ఫోటో బస్టాండు వెనక ఆగింది. ఆగి, అక్కడే ఉండిపోయింది. అన్న కొట్లో నుంచి ఫోన్ చేశాడు. ఏం మాటలైనాయో ఆ సాయంత్రం వదినే నాకు చెప్పింది.

"జాకెట్లు ఇచ్చినావా?"

"ఇచ్చినా."

"మరి ఇంకా ఆడేం చేస్తుండావు?"

"ఊరికే కూర్చోనుండా."

"ఊరికేనా?"

ఆ పూట మా ఇంట్లో అన్నాలు ఆలస్యమయ్యాయి. నడవలో సభ జరిగింది. "జ్వరమేమన్నా తగిలిందేమో," అంది అమ్మ. "కరెంటు పోయుంటాది, మిషను ఆగుంటాది," అన్నాడు నాయన. అన్న మ్యాపు చూపించి, "ఊరికే అంట నాయనా, ఊరికే!" అన్నాడు. ఎవరికీ అంతు పట్టలేదు.

పట్టదు మరి. సమాజంలో ప్రతి మనిషికీ ఒక పాత్ర ఉంటుంది. గుడ్డ ఇచ్చేదాకా ఆమె కొనుగోలుదారు. బస్సెక్కితే ప్రయాణికురాలు. ఇంటికొస్తే కోడలు. గుడ్డ ఇచ్చేసి ఇంకా బస్సెక్కని ఆడమనిషి ఎవరు? పుస్తకం మొత్తం తిరగేశాను. లేదు!

అన్న కోప్పడే మనిషి కాదు. "కుట్టేదానికి మనూళ్లో రెబెక్కమ్మ లేదా? ఊరికే నీకెందుకు బస్సులో ఆ తిప్పలు?" అని ప్రేమగా అన్నాడు. అంతే, కావలి ఆగిపోయింది. కూని రాగం కూడా ఆగిపోయింది. ఫ్లోరా మెసేజీ వదిన నాకు చూపించింది: "ప్రతి గురువారం టీకి రెండో గ్లాసు కడిగి పెడతాండానే. నువ్వు రావు, ఈగలొస్తాయి."

చూశారా, యంత్రం ఒక ఆడమనిషిని ఊరికే కూర్చునే కష్టం నుంచి ఎలా కాపాడిందో!

మగవాళ్లకు ఆ కాపుదల అవసరం లేదు. అన్న రోజూ సాయంత్రం జువ్వలదిన్నె హార్బరుకు పోయి పడవలు చూసి వస్తాడు. మాకు పడవ లేదు. మా వంశంలో వల పట్టినవాళ్లు లేరు. ఊరికే! నాయన పొద్దున్నే సెంటర్లో టీకొట్టుకు పోయి ఎండెక్కేదాకా ఉంటాడు. ఆయన టీ తాగడు. ఊరికే! ఒకసారి అమ్మ అన్నతో అననే అంది.

"అబ్బయ్యా, నీది కూడా పెట్టు. నేనూ చూసుకుంటా."

"నాదెందుకమ్మా? నేను యాడికి పోతా, ఊరికే హార్బరు దాకా."

"యాడికి అని నేనడగలేదు నాయనా. నాకా పాపం వద్దు," అని అమ్మ చేట తీసుకుని లేచింది.

కాబట్టి పాఠకులారా, నా మాట వినండి. లైవ్ లొకేషన్‌ను పంచాంగంలో చేర్చాలి. రాహుకాలం పక్కనే, మళ్లీ నొక్కవలసిన వేళలు కూడా వేయాలి. కొత్త కోడలు కుడికాలు లోపల పెట్టే ముందే ఫోన్లో బొటనవేలు పెట్టాలి. ఇంకా చెప్పేదాన్ని, నెత్తళ్లు అయిపోవచ్చాయి. పైగా ఈ రోజు గురువారం.

అమ్మ గడప దగ్గర కాళ్లు చాపుకుని మినుముల్లో రాళ్లు ఏరుతోంది. వదిన వంటింట్లో నుంచి వచ్చింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. చేతిలో సంచి ఉంది. సంచిలో జాకెట్టు గుడ్డ లేదని పైకే తెలుస్తోంది, అది గాలికి ఊగుతోంది. ఫోన్ తీసి, లొకేషన్ ఎనిమిది గంటలకు కొత్తగా పెట్టి, అపురూపంగా ఫ్రిజ్ మీద ఉంచింది. దాన్ని చార్జరుకు కూడా తగిలించింది. ఆడవాళ్ల ఫోన్లకు చార్జింగ్ నిలవాలి కదా.

నా ఫోన్ టింగుమంది. గ్రూపులో అన్న. "ఈ పొద్దు అందరూ ఇంటి కాడే ఉండారు. మంచిది."

మ్యాపు చూశాను. అవును, పెళ్లి ఫోటో మా ఇంట్లోనే ఉంది. పూలదండతో అన్న, పక్కనే వదిన, ఇద్దరూ నవ్వుతూ ఫ్రిజ్ మీద ఉన్నారు.

అమ్మ ఫ్రిజ్ వైపు చూసింది. వదిన చెప్పుల వైపు చూసింది. నోరు తెరిచింది. ఆ మాట పెదాల దాకా వచ్చి ఆగడం నేను ఈ కళ్లతో చూశాను. ఎలా అడుగుతుంది? బయలుదేరిన మనిషిని అడగకూడదు కదా! తరతరాల ఆచారం. దాన్ని మీరడానికి మేమెవరం?

నేను ఆఖరి నెత్తలి తల గిల్లి పిల్లికి వేశాను. అమ్మ నోరు మూసుకుని, చాపిన కాళ్లు మెల్లగా ముడుచుకుని దారి ఇచ్చింది. వదిన గడప దాటి వెళ్లిపోయింది.