కాశీలో వదిలినది

ఆదివారం పొద్దున్న బుల్లబ్బాయిగారి పథకం చాలా చిన్నది. అమీర్‌పేట సందులో రైతులు పెట్టే అంగడికి వెళ్లి, లేత వంకాయలు కొని, పంజగుట్టలోని తన రెండు గదుల ఇంట్లో గుత్తివంకాయ వండాలి. భార్య కుసుమకుమారి పోయాక ఆయన పెడుతున్న మొదటి విందు ఇదే. అతిథి పాత ఆఫీసు మిత్రుడు యేసురాజు. చర్చిలో ఆరాధన ముగియగానే అతను తిన్నగా అంగడికే వచ్చేశాడు. వంకాయల ఎంపిక ఒక్కరి మీద వదలకూడదని అతని నమ్మకం.

కోచింగు పిల్లలు జావా గురించి వాదించుకుంటూ టమాటాలు ఏరుతున్నారు. తడి కొత్తిమీర వాసనకే బుల్లబ్బాయిగారి మనసు తేలికపడింది. యేసురాజు ఒక జామకాయ కోయించి, ఉప్పూకారం అద్దించి, సగం ఆయన చేతిలో పెట్టాడు. దాన్ని కొరుకుతూనే ఆయన వంకాయలమ్మే మంగవ్వ గంప ముందు కూర్చుని, వంకాయలు ఏరి తక్కెట్లో వేశారు. ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయింది.

"ఏంటి, పుచ్చా?" అన్నాడు యేసురాజు.

"కాదయ్యా. పోయిన నెల కాశీలో కుసుమ అస్థికలు కలిపాక, ఇష్టమైనదొకటి వదిలెయ్యమన్నారు పంతులుగారు. వదిలేశాను. ఏం వదిలానో గుర్తు రావట్లేదు."

"అదెలా మర్చిపోతావు?"

"కళ్లనిండా నీళ్లు. నోటికేదొస్తే అది అన్నాను. నాకు వంకాయకన్నా ఇష్టమైనదేముంది చెప్పు?"

ఆయన వంకాయలను భక్తిగా, ఒక్కొక్కటే, తిరిగి గంపలో పెట్టారు. పక్కనే లేడీస్ హాస్టల్ నడిపే స్వరాజ్యం అదే గంపలోంచి సంచీ నింపుకుంటోంది. పెద్దమనిషి చూసి చూసి వెనక్కి పెట్టాడంటే ఏదో ఉందనుకుని, ఆమె సంచీ మొత్తం గంపలో బోర్లించింది. ఆమెను చూసి మరో నలుగురు. కబురు ఆకుకూరల దగ్గరికి చేరేసరికి వంకాయలకు ఏదో మందు కొట్టారట. నిమ్మకాయల దగ్గరికి వెళ్లేసరికి ఎవరో ఆస్పత్రిలో పడ్డారట.

"అయ్యో, ఎవరట పాపం?" అని బుల్లబ్బాయిగారే అడిగారు.

"నువ్వే సారూ," అంది మంగవ్వ. "జర చెప్పు, నా వంకాయలకు ఏమైంది? తెల్లారంగనే తెంపుకొచ్చిన. గిప్పుడు గంపెడు నెత్తిన పెట్టుకొని వాపస్ పోవాల్నా?"

ఆయన కంగారుగా లేచి, అందరికీ వినబడేలా కాశీ సంగతి మొదలుపెట్టారు. సగమే విన్నవాళ్లు ఆ సగాన్ని మోసుకుపోయారు. వంకాయ తిన్నాయన అస్థికలు కూడా గంగలో కలిపేశారట.

ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్త రోజులు కాబట్టి, కాశీకి తోడొచ్చిన మరదలు మంజూషకు ఆయన మిస్డ్ కాల్ ఇచ్చారు. తిరిగి ఫోను రాలేదు. ఆందోళనలో జామకాయ కొరికారు.

"ఈస్టరుకు ముందు మా శ్రమల కాలంలో చాయ్ మానేస్తానని మొక్కి, మూడోనాడే తాగేశాను," అన్నాడు యేసురాజు. "ప్రభువు ఏమీ అనలేదు. పాస్టరుగారే అన్నారు."

బుల్లబ్బాయిగారు మంగవ్వ మొహం చూశారు. ఒక్క వంకాయకే అలిగే శివుడు నెత్తిన గంగనెలా మోస్తాడని కుసుమ అయితే నవ్వేసేది. కాశీ ఎటో తెలియక, అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న కోచింగు సెంటరు బోర్డుకు దండం పెట్టి, స్వరాజ్యం కళ్లముందే పచ్చి వంకాయను కసుక్కున కొరికి నమిలారు.

"పచ్చిదే ఇంత బాగుంది," అన్నారు. వగరుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. జనం దాన్ని రుచి అనుకున్నారు. స్వరాజ్యం సంచీ మళ్లీ నిండింది, వెనకే పది చేతులు దిగాయి, కాసేపటికి గంప అడుగు కనిపించింది.

"నీకు సుత మిగల్లే సారూ," అంది మంగవ్వ, నవ్వు ఆపుకోలేక.

అప్పుడు మోగింది ఫోను. "ఏంటి బావగారూ? పూజలో ఉన్నాను."

"కాశీలో నేను వదిలింది వంకాయేనా అమ్మా?"

"వంకాయా? పంతులుగారు ఆ పేరెత్తితే, అది తప్ప ఏదైనా అన్నారుగా మీరు. జామకాయ వదిలారు. అక్కతో పంచుకునేవాణ్ణి, ఇక ఒక్కణ్ణే తినలేనని ఏడ్చారు."

బుల్లబ్బాయిగారు ఫోను జేబులో పెట్టుకున్నారు. తర్వాత విన్నదంతా యేసురాజుకు చెప్పారు.

"ఒక్కడివే ఎక్కడ తిన్నావు? సగం నేనేగా తిన్నాను," అన్నాడు యేసురాజు.

బుల్లబ్బాయిగారు ఎడమచెయ్యి విప్పి చూసుకున్నారు. జామకాయ తొడిమ ఒక్కటే మిగిలింది. దాన్ని మాత్రం ఆయన నిష్ఠగా వదిలేశారు.