గడప దగ్గర డైరెక్టరు

ఆ గురువారం పొద్దున సైరాగుల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు డైరెక్టరు కచ్కిన్‌బాయ్ వచ్చేలోపు ఆఫీసు కంప్యూటర్లలో మెనూ సర్దేయాలి. ఆయన అది చూసి మెచ్చుకోగానే తన కాగితం ముందు పెట్టాలి. మూడు నెలల పరీక్షాకాలం ఆ రోజుతో ముగుస్తోంది. సంతకం పడితే మా కొండ ఊరి పచ్చిక బయళ్ళ ఆఫీసులో ఉద్యోగం ఖాయం. పడకపోతే బిష్కెక్ వెళ్ళి, పిన్ని పనిచేసే కుట్టు షెడ్డులో రోజుకు పన్నెండు గంటలు మిషను ముందు కూర్చోవాలి.

మెనూ నిజంగానే అడవిలా ఉండేది. నొక్కితే చాలు అరవై పేర్లు బిలబిలమంటూ వచ్చేవి. ఎవరూ ఆడని ఆటలు, ఎవరికీ అర్థంకాని పరికరాలు, రెండేళ్ళ క్రితం పాడైపోయిన ప్రింటరు, అన్నీ అందులోనే. పైగా మా వాళ్ళకు విభాగాల పేర్లు పలకడానికి నోరు తిరగదు, మనుషుల పేర్లయితే నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అందుకని సైరాగుల్ అందరూ ఆడే చదరంగం, పేకముక్కలు తప్ప అక్కర్లేనివన్నీ దాచేసి, ఒక్కొక్క విభాగానికి దాన్ని చూసే మనిషి పేరే పెట్టింది. డైరెక్టరుగారికి మణికట్టు నొప్పి, మౌస్ ఎక్కువ దూరం జరపలేరు. పాపం ఆయన కోసమని ఆయన పేరును మిగతా పేర్లన్నిటికంటే కింద, మెనూ బటన్‌కు దగ్గరగా చేర్చింది. ఏడాదికొకసారైనా ఎవరూ తెరవని పాత రికార్డుల విభాగం, అంటే జూరాకాన్ పేరు, అన్నిటికంటే పైకి పోయింది. ఒకచోట మారిస్తే పదకొండు కంప్యూటర్లలోనూ మారిపోయే ఏర్పాటది. సైరాగుల్ సేవ్ నొక్కి, టీ పోసుకుని, తనను తానే మెచ్చుకుంది.

ఆ టీ చల్లారకముందే జూరాకాన్ తలుపు తోసుకుని వచ్చింది. డైరెక్టరుతో ఇరవై రెండేళ్ళుగా పోట్లాడుతున్న మనిషి ఆవిడ.

"ఏమే పిల్లా, ఈ వరుస నువ్వు పెట్టిందేనా?"

"అవును ఎజె. బాగుందా?" మా దగ్గర పెద్ద ఆడవాళ్ళను ఎజె, అంటే అక్క అనీ, పెద్ద మగవాళ్ళను బైకే, అంటే అన్న అనీ పిలుస్తారు.

"నాకేం, బ్రహ్మాండంగా ఉంది. నన్ను తీసుకెళ్ళి తోర్‌లో, పెద్దల చోట కూర్చోబెట్టావు. ఆయన్నేమో గడప దగ్గర, కోడళ్ళు టీ పోసే చోట పడేశావు. ఆయన కింద ఏముందో చూసుకున్నావా అసలు?"

సైరాగుల్ చూసింది. డైరెక్టరు పేరు కింద ఉన్నది ఒక్కటే, 'షట్‌డౌన్'.

మా వాళ్ళకు తలుపు ఉన్నచోటల్లా గడప ఉంటుంది, గడపకు ఎదురుగా, దూరంగా పెద్దల చోటు ఉంటుంది. అది గుడారమైనా ఒకటే, పెళ్ళి పందిరైనా ఒకటే. మెనూ అయినా అంతేనని ఆమెకు తట్టలేదు. పోయిన ఏడాది ఒక పెళ్ళిలో తోడల్లుడికంటే గడపవైపు కూర్చోబెట్టారని, ఈ కచ్కిన్‌బాయే మాంసం వడ్డించకముందే లేచి కారెక్కి వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఆ తోడల్లుడి గుమ్మం తొక్కలేదు. అది గుర్తురాగానే సైరాగుల్‌కు చెవుల్లో కుట్టుమిషన్ల చప్పుడు వినిపించసాగింది.

గోడ గడియారంలో తొమ్మిదీ నలభై. ఆమె మెనూ సరిచేసే విండో తెరిచి, డైరెక్టరు పేరును మౌస్‌తో పట్టుకుని పైకి లాగింది. మధ్యలో చెయ్యి జారింది. పక్కగదిలోంచి పశువుల డాక్టరు ఒమూర్‌కుల్ గొంతు వినిపించింది.

"సైరాగుల్! డైరెక్టరుగారు 'ఆటలు'లోకి దిగారేంటి? చదరంగానికీ పేకముక్కలకీ మధ్యన ఉన్నారు!"

"ఒక్క నిమిషం బైకే, ఎవరికీ చెప్పకండి!"

"నేను చెప్పడమెందుకు, అందరికీ కనబడుతూనే ఉందిగా!"

ముందు కనబడకుండా చేస్తే చాలు, తర్వాత సంగతి తర్వాత అనుకుంది. పేరు పక్కనున్న టిక్కు తీసేసింది. కచ్కిన్‌బాయ్ పదకొండు కంప్యూటర్లలోంచీ ఒకేసారి మాయమయ్యారు. మరుక్షణమే ఆ విండో బిగుసుకుపోయింది. ఆమె ఎన్నిసార్లు నొక్కినా గుండ్రటి గుర్తు తిరుగుతూ కూర్చుంది తప్ప ఒక్క అక్షరం కదల్లేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

ఇక ఆఫీసు సంగతి. ఈ ఏడాది గవర్నరు ఎవరో ఒక జిల్లా డైరెక్టరును ఇంటికి పంపుతారని రెండు వారాలుగా పుకారు తిరుగుతోంది. అలాంటప్పుడు మెనూలో పేరు లేకుండా పోతే దానికి అర్థం ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. సైరాగుల్‌ను అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరికంటే ముందు జూరాకానే ఏడ్చింది.

"ఇరవై రెండేళ్ళు తిట్టుకున్నాం. ఇప్పుడు నేనెవర్ని తిట్టను?"

"ఏడుపు తర్వాత, ఎజె. మనిషిని ఉత్త చేతులతో పంపుతామా?" అని ఒమూర్‌కుల్ బీరువా తెరిచాడు. పైనుంచి వచ్చే అతిథుల కోసం దాచిన కొత్త చపాన్, బంగారు దారపు అంచున్న ఆ నిలువు అంగీ, బయటికి తీశాడు.

సరిగ్గా పదింటికి కచ్కిన్‌బాయ్ గుమ్మంలో అడుగుపెట్టారు. అందరూ వరుసగా నిలబడి ఉన్నారు. ఒమూర్‌కుల్ చపాన్ తెచ్చి ఆయన భుజాల మీద కప్పాడు. జూరాకాన్ ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయన్ని కౌగిలించుకుంది.

ఆయన చపాన్ అంచు తడిమి చూసుకున్నారు. "ఎవరు చెప్పారు?" అన్నారు మెల్లగా.

"మెనూలో లేరు, బైకే," అన్నాడు ఒమూర్‌కుల్ తల వంచుకుని.

ఆయన చపాన్‌తోనే సైరాగుల్ గదిలోకి వచ్చి తలుపు వేసి గడియ పెట్టారు. సైరాగుల్ లేచి గోడకు ఆనుకుంది. అయిపోయింది, పిన్నికి ఫోను చేసుకోవడమే మిగిలింది అనుకుంది.

"అమ్మాయ్," అన్నారాయన. "ఉత్తర్వు పైనుంచి వచ్చిందా?"

"లేదు బైకే... చెయ్యి జారింది."

"ఎవరిది? గవర్నరుదా?"

"నాదే."

ఆయన ఆమె చేతివైపు చూశారు. గవర్నరు చేతికి లేని శక్తి దానిలో ఏదో ఆయనకు కనిపించినట్టుంది.

"తీసిన చేత్తో మళ్ళీ పెట్టగలవా తల్లీ?"

"పెడతాను బైకే! ఈసారి అందరికంటే పైన, తోర్‌లో..."

"వద్దు వద్దు!" ఆయన ఉలిక్కిపడ్డారు. "పైన ఉంటే పైవాళ్ళ కంట్లో పడతాను. నాకు గడప దగ్గరే చాలు. గడపకు ఇవతలే ఉండేలా చూడు, అదే పదివేలు."

అప్పటికి గుండ్రటి గుర్తు తిరగడం ఆగింది. సైరాగుల్ ఆయన్ని ఆటల్లోంచి బయటికి తెచ్చి, మొదట పెట్టినచోటే పెట్టి, టిక్కు వేసింది. ఆయన అక్కడ బల్ల మీదున్న ఉద్యోగం కాగితం లాక్కుని, ఆమె అడగకుండానే సంతకం చేశారు. ఒక్కటి చాలని ఆమె చెప్పేలోపు రెండోది కూడా పెట్టేశారు.

కచ్కిన్‌బాయ్ పేరు ఇప్పటికీ 'షట్‌డౌన్'కు పైనే ఉంది. ఎక్కడ చెయ్యి జారి ఆయన పేరు మళ్ళీ మాయమవుతుందోనని మా ఆఫీసులో ఆ రోజు నుంచి ఒక్క కంప్యూటరునూ ఎవరూ ఆపలేదు.