మూడో మలుపు దెయ్యానికి మెరుగులు

జనాన్ని భయపెట్టడమనేది ఎంతో బాధ్యతతో కూడిన పని కాబట్టి, దాన్ని ఇన్నేళ్లూ ఒక దెయ్యానికి వదిలేయడం పొరపాటేనని వినోదవనం యాజమాన్యం ఎట్టకేలకు గుర్తించింది. అందులోని దెయ్యాలకొంపకు నలభై ఏళ్లు నిండాయి, జనం పలచబడ్డారు. దాన్ని ఆధునికంగా తీర్చిదిద్దడానికి అయిదుగురు అధికారులతో ఒక సంఘం వేశారు. (అయిదుగురిలో ఒక్కరూ అంతకుముందు లోపలికి అడుగుపెట్టలేదు. నిష్పక్షపాతంగా ఉండాలంటే అదే మంచిదట.)

ఆ కొంపలో మూడో మలుపు దగ్గర పందొమ్మిదేళ్లుగా దెయ్యం ఉద్యోగం చేస్తున్న పెద్దమనిషి ఈ కబురు విని నీరుగారిపోయాడు. అందరూ ఆయన్ని దెయ్యంగారనే పిలుస్తారు. ఆయనది కేకలు పెట్టి మీదపడే బాపతు కాదు. నల్లముసుగు వేసుకుని చీకట్లో గోడకు అతుక్కుని, వచ్చేవాళ్లు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటున్నారో వింటాడు. అందరినీ పోనిచ్చి, ఆఖరి మనిషి చెవి దగ్గర మెల్లగా, "బావగారూ, కాస్త జరగండి" అంటాడు. అంతే, బావగారు ముందున్న బామ్మర్దుల్ని తొక్కుకుంటూ రెండు గదులు దాటేస్తారు. బయటపడ్డాక ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వే నవ్వు గోడ అవతలినుంచి వినిపిస్తుంది. దానికోసమే ఆయన ఈ ఉద్యోగాన్ని ప్రాణంగా చూసుకున్నాడు.

సంఘం పని మొదలుపెట్టింది. చీకట్లో జనం తడబడుతున్నారని ట్యూబులైట్లు వేయించింది. ఎవరికెంత భయం కావాలో ముందే చెప్పుకోవడానికి ఒక యాప్ తెచ్చింది. అందులో 'కొద్దిగా', 'ఒక మోస్తరుగా', 'గుండె జారేలా' అని మూడు గడులున్నాయి (మూడోది నొక్కితే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతుంది). దెయ్యంగారి మెడలో ఫొటోతో గుర్తింపు కార్డు ఉండాలన్నారు. ముసుగుతో ఫొటో దిగితే మొహం కనబడలేదనీ, తీసి దిగితే దెయ్యంలా లేడనీ రెండుసార్లూ తిప్పి పంపారు. పైగా ఆయన ముందుగా "నమస్కారం, మీ అనుమతితో భయపెడుతున్నాను" అనాలి, అవతలివాళ్లు ఓటీపీ చెప్పాలి, ఆ తర్వాతే పని.

ఒక పెద్దావిడ ఓటీపీ చదవడానికి కళ్లజోడు వెతుక్కుంటుంటే దెయ్యంగారే ఆవిడ సంచి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ నిండు నూరేళ్లూ బతకమని దీవించి, 'చాలా మర్యాదస్తుడు' అని యాప్‌లో రాసి వెళ్లింది. ఆ ఒక్క మాటే ఆయన కొంప ముంచింది. నెల రోజుల్లో ఒక్క కేకా నమోదు కాలేదని, సంఘం కొత్తగా నియమించిన భయ ప్రమాణాల అధికారి నివేదిక ఇచ్చాడు. శుక్రవారం సంఘమే స్వయంగా తనిఖీకి వస్తుందనీ, అప్పుడూ కేక వినబడకపోతే దెయ్యం స్థానంలో వీడియో తెర పెడతారనీ తాఖీదు వచ్చింది.

అన్నం సహించక కంచం ముందు కూర్చున్న ఆయన్ని చూసి భార్యకు జాలేసింది.

"ఇన్నేళ్లూ వచ్చినవాళ్ల మాటలు వినే కదా భయపెట్టారు? వీళ్లవీ వినండి" అంది.

శుక్రవారం సంఘం వచ్చింది. దెయ్యంగారు ట్యూబులైటు వెలుగులో, స్తంభం చాటున నిలబడి చెవులు రిక్కించాడు. వాళ్లంతా సంతకాల గురించే మాట్లాడుకుంటున్నారు. ఈ మార్పుల ఫైలు మీద ముందు మీరంటే మీరని, పెద్దలు మీరుండగా నేనెలాగని, నడిచినంతసేపూ అదే మర్యాద. మొదటి సంతకం పెట్టినవాడే రేపు జవాబు చెప్పుకోవాలి గనక ఇంతవరకూ అన్నీ నోటిమాట మీదే జరిగిపోయాయి.

నలుగురినీ పోనిచ్చాడు. ఆఖరున వస్తున్న అధ్యక్షుడి చెవి దగ్గర, నమస్కారం గానీ ఓటీపీ గానీ లేకుండా, మెల్లగా అన్నాడు.

"సార్, ఫైల్లో మొదటి సంతకం మీదే పడింది."

అధ్యక్షుడు వేసిన కేకకు బయట క్యూ చెదిరిపోయింది. తక్కిన నలుగురూ కారణం అడక్కుండానే కాళ్లకు బుద్ధి చెప్పారు. దెయ్యంగారు గోడకు చెవి ఆనించి చాలాసేపు ఆగాడు. ఎవరూ నవ్వలేదు.

సోమవారం ఆయనకు మెమో ఇచ్చారు. అనుమతి లేకుండా, నిర్ణీత స్థాయికి మించి భయపెట్టినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. చదువుతుంటే ఆయన చేతులు వణికాయి. తెచ్చిచ్చిన భయ ప్రమాణాల అధికారి ఆ వణుకును శ్రద్ధగా గమనించి, తన పుస్తకంలో 'గుండె జారేలా' గడి మీద టిక్కు పెట్టుకున్నాడు.

ఆ ప్రయోగం ఆధారంగా కొంపను మొత్తం మార్చేశారు. ఇప్పుడు మూడో మలుపు దగ్గర ఒక బల్ల ఉంటుంది. వచ్చిన ప్రతి మనిషికీ సొంత పేరు మీద ఒక నోటీసు చేతికిస్తారు, ఎందుకో మాత్రం చెప్పరు. అనుభవం దృష్ట్యా బల్ల వెనక దెయ్యంగారినే కూర్చోబెట్టారు. ముసుగు కోసం ఆయన చేయి చాచితే, ఆఫీసు సీట్లో ఉన్నవాడికి అది అక్కర్లేదన్నారు.