తమరు మళ్లీ దయచేయాలి

సమాధి రాళ్లు చెక్కే దుకాణంలో ఉదయంపూట ఎవరూ గొంతు పెంచకూడదని చిట్టి తండ్రి పెట్టుకున్న నియమం. అందుకే దుకాణం అమ్మేస్తున్న సంగతి కూడా ఆయన నెమ్మదిగానే చెప్పాడు.

"సాయంత్రం ఆ మెషీను వాళ్లకి మాట ఇచ్చేస్తానమ్మా. గంటలో రాయి చెక్కేస్తున్నారు వాళ్లు. మన దగ్గరికి ఎవరొస్తారు?"

"ఈ ఒక్కరోజు ఆగు నాన్నా. అమ్మకాల లెక్క తీసి చూస్తాను."

"లేని అమ్మకాలు కంప్యూటర్లో చూస్తే కనిపిస్తాయా?" అని ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అసలు కారణం మెషీను కాదని చిట్టికి తెలుసు. వెనక వరండాలో గోనెపట్టా కప్పిన నల్లరాయి ఒకటి ఉంది. అది అమ్మది. బిల్లు లేకుండా ఏ రాయీ కదలకూడదు కనుక తనకు తానే బిల్లు రాసుకుని మరీ ఆయన దాన్ని అక్కడ పెట్టాడు. ఏడాదిన్నరయినా ఒక్క అక్షరం పడలేదు. దుకాణం పోతే ఉలి పోతుంది, ఉలి పోతే ఆ రాయి ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. చిట్టి బెంగంతా అదే.

నెల రోజులుగా ఆయన పాత బిల్లులు చదువుతుంటే ఆమె కంప్యూటర్లో పట్టికకు ఎక్కించింది. ఒక్క బిల్లు మాత్రం పైకి చదవకుండా ఆయనే ఎక్కించుకున్నాడు. పేరు, ఫోను నంబరు, రాయి రకం, తేదీ. ఇప్పుడు ఆ పట్టికను ప్రశ్నలు అడగసాగింది. ఏ రకం రాళ్లు ఎన్ని పోయాయో కూడి చెప్పమంటే నల్లరాయి పైకొచ్చింది. నెలల వారీగా పేర్చమంటే చలికాలం అన్నిటికంటే ముందు నిలబడింది. ఎందుకో ఆలోచించబుద్ధి కాక మూడో ప్రశ్నకు వెళ్లింది. ఒకసారి వచ్చి, ఏడాది దాటినా మళ్లీ రానివాళ్లు ఎవరు?

జాబితా దిగుతూ దిగుతూ ఎంతకీ ఆగలేదు. చిట్టి నోరు తెరిచింది.

"ఇదన్నమాట మన జబ్బు! వచ్చినవాళ్లెవరూ తిరిగి రావడం లేదు."

ఆమె ఇంతకుముందు పనిచేసింది చెప్పుల కంపెనీలో. అక్కడ మళ్లీ రానివాళ్లకు కబురు పెట్టడం ఆనవాయితీ. ఆ కబురునే కాస్త మర్యాదగా దిద్ది, ఎవరి పేరు వాళ్లకు తగిలించి, జాబితా మొత్తానికి ఒక్క నొక్కుతో పంపింది. "తమరు మా దగ్గరికి వచ్చి ఏడాది దాటింది. మిమ్మల్ని మరువలేకున్నాం. ఈసారి బంధుమిత్రులను కూడా వెంటబెట్టుకుని దయచేయండి. పది శాతం తగ్గింపు."

టీ చల్లారకముందే ఫోను మోగింది.

"మా నాన్నని ఎక్కడికి రమ్మంటున్నారండీ?" అన్నాడొకాయన.

"మా దగ్గరికే సార్. ఆయన రాలేకపోతే మేమే వచ్చి తీసుకెళ్తాం."

అవతల ఫోను ఠక్కున పెట్టేశారు. వెంటనే ఇంకొకావిడ.

"మా అత్తగారు ఉన్నచోటి నుంచి కదల్లేరమ్మా."

"పరవాలేదండీ. మిగతావాళ్లని పంపమనండి."

ఆవిడ కెవ్వుమంది. ఫోన్లు తెగ మోగాయి. తగ్గింపు చాల్లేదేమో, లేక పొద్దున్నే నిద్ర లేపామేమో అనుకుంది చిట్టి. చేసిన పొరపాటు దిద్దుకోవాలి కదా! అదే జాబితాను మళ్లీ పిలిచి, అవే పేర్లకు క్షమాపణ పంపింది. "మీ ప్రశాంతతకు భంగం కలిగించినందుకు మన్నించండి. ఇకమీదట లేపము."

మధ్యాహ్నానికి వాకిట్లో జనం. చేతులు కట్టుకుని, తలలు వంచుకుని, ఏ అంతిమయాత్రకో వచ్చినట్టు గంభీరంగా నిలబడ్డారు. అందరికంటే ముందు వీధి చివరి టైలరు తన ఫోను చాచాడు.

"అమ్మాయీ, ఇది మా ఆవిడ పేరు. రాతి మీద మీ నాన్న చెక్కిన పేరు."

చిట్టికి అప్పుడు వెలిగింది. ఆ దుకాణంలో బిల్లు ఎప్పుడూ పోయినవాళ్ల పేరు మీదే రాస్తారు. డబ్బిచ్చిన మనిషి పేరు తప్పు పడితే కొట్టేసి రాసుకోవచ్చు, చెక్కే పేరు తప్పు పడితే రాయే పోతుంది. ఫోను నంబరు మాత్రం ఉన్నవాళ్లది. ఇంత తెలిసిన తండ్రి చెప్పలేదు, అంతా తెలుసనుకున్న కూతురు అడగలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది కానీ, చావడానికి అది బొత్తిగా తగని దుకాణం.

సరిగ్గా అప్పుడే తండ్రి తిరిగొచ్చాడు. గుంపును చూసి ఆగిపోయాడు.

"తిడితే నన్ను తిట్టండి. పిల్లది తెలీక చేసింది."

"తిట్టడానికి రాలేదయ్యా," అన్నాడు టైలరు. "కోపంగానే బయల్దేరాను. మధ్యలో ఆవిడ దగ్గర ఆగాను. ఎన్నాళ్లయిందో నేనటు వెళ్లి! అక్షరాల్లో నాచు పట్టింది. నీ చేత్తోనే బాగుచెయ్యాలి."

వెనక నుంచి ఒకరిద్దరు తలలూపారు. మా నాన్నది కూడా, మా అత్తగారిది కూడా అన్నారు. పొద్దున కెవ్వుమన్నావిడ గొంతు కూడా అందులో ఉంది.

"నీకు రాలేదా కబురు?" అని అడిగాడు టైలరు.

తండ్రి జేబులోంచి ఫోను తీశాడు. ఇంట్లో ఏడాదిన్నరగా ఎవరూ పైకి అనని పేరు అందులో ఉంది. తమరు వచ్చి ఏడాది దాటింది, మిమ్మల్ని మరువలేకున్నాం. ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. చిట్టికి ఏడుపు ఆగలేదు.

"నాన్నా, నేను కావాలని..."

"నేను చెప్పాల్సిన మాటమ్మా ఇది," అన్నాడాయన, గొంతు తగ్గించకుండానే.

నేరుగా వెనక వరండాలోకి నడిచాడు. గోనెపట్టా కింద పడిన చప్పుడు, తర్వాత ఉలి మీద సుత్తి దెబ్బ. వాకిట్లో జనం మొదటి అక్షరం పూర్తయ్యేదాకా కదల్లేదు. మెషీను వాళ్లు ఫోను చేస్తే చిట్టే ఎత్తి, నాన్న పనిలో ఉన్నారని చెప్పింది.

రాయి పూర్తయిన రోజున ఆయన తన పాత బిల్లు తీసి, అందులో పది శాతం తగ్గించుకున్నాడు.