మైలు కరిగితే మనకే మేలు

విమాన కంపెనీలు ఏటేటా మన మైళ్ల విలువ తగ్గిస్తున్నాయని గోల పెట్టేవాళ్లందరికీ ఒక్కటే మాట చెబుతున్నాను: మీకు కృతజ్ఞత లేదు! మన గురించి ఇంత క్రమం తప్పకుండా ఆలోచించేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు? నా సొంత తమ్ముడు ఏడాదికొక్కసారైనా ఫోను చెయ్యడు. విమానం వాళ్లు మాత్రం ప్రతి ఏడూ మరిచిపోకుండా మెయిలు పంపి, నా దగ్గరున్నదాని విలువ ఎంత తగ్గిందో తెలియజేస్తారు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకే కంపెనీ విమానాలు ఎక్కుతూ ఉంటే, వాళ్లు మన ఖాతాలో మైళ్లని చెప్పి కొన్ని అంకెలు వేస్తారు. అవి తగినన్ని పోగైతే టికెట్ ఉచితం. తగినన్ని అంటే ఎన్ని అన్నది మాత్రం వాళ్ల ఇష్టం. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగేవాళ్లం కాబట్టి, మనం అంతకుమించి ఆరా తీయం.

నేను లిఫ్టుల కంపెనీలో పనిచేస్తాను. జనాన్ని పైకి పంపడం నా వృత్తి. ఆ పని మీద ఊళ్లు తిరుగుతూ ఇన్నేళ్లుగా ఒకే కంపెనీ విమానం ఎక్కాను. పక్క కంపెనీ విమానం ముందే బయల్దేరినా, టికెట్ చవకైనా, సీటు మెత్తగా ఉన్నా కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. పెళ్లినాటి ప్రమాణాలను కూడా మీరింత నిష్ఠగా పాటించలేదని మా ఆవిడ అంటుంది. ఆవిడ మాటల్లో కొంత అసూయ కనిపిస్తుంది.

అసలు ఈ మైళ్లన్నీ ఆవిడ కోసమే. ఆవిడ కోసమంటే, మా వదిన కోసం. వదిన మా ఆవిడకు స్వయానా అక్క. సముద్రానికి అవతల ఒక ఊళ్లో లెక్కల టీచరు. చిన్నప్పుడు మా ఆవిడకు ఎక్కాలు నేర్పింది ఆవిడే, తప్పు చెబితే చెవి మెలిపెట్టిందీ ఆవిడే. అక్కాచెల్లెళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకుని ఏళ్లు గడిచాయి. ఈ ఏడు వదిన రిటైరవుతోంది. ఆఖరి క్లాసు రోజున చెల్లెలొచ్చి వెనక బెంచీలో కూర్చోవాలని మాట తీసుకుంది. మా ఆవిడ ఇక ఆ బెంచీని పట్టుకుని వదల్లేదు.

కిందటేడు తేదీ తెలియగానే చూస్తే, నా ఖాతాలో ఇద్దరికీ సరిపడా మైళ్లున్నాయి. వెంటనే బుక్ చేసెయ్యమంది మా ఆవిడ. కానీ మీరే చెప్పండి, అంత దూరం మామూలు సీట్లలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని వెళ్లడమేనా ఇన్నేళ్ల తపస్సుకు ఫలం? ఇంకొంచెం ఆగితే కాళ్లు చాపుకుని పడుకునే సీట్లు వస్తాయి కదా! ఆగమన్నాను. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. అయితే ఆ పెద్దలెవరూ బిజినెస్ క్లాసులో వెళ్లినట్టు దాఖలాల్లేవు.

ఆ మిగిలిన కాసిని మైళ్ల కోసం నేను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. మైళ్లిచ్చే క్రెడిట్ కార్డు తీసుకుని కనపడినదల్లా దాంతోనే కొన్నాను. ఆఫీసులో అందరి భోజనాల బిల్లూ నేనే గీకి, వాళ్ల దగ్గర చిల్లర వసూలు చేసుకున్నాను. దంతవైద్యుడి దగ్గర ఒక పన్నుకు వైద్యం చేయించుకుని, కార్డు గీకిన ఉత్సాహంలో పక్క పన్ను కూడా చూడమన్నాను. అది గట్టిగానే ఉందని ఆయన మొహమాటపడ్డాడు. ఎందుకైనా మంచిదని బతిమాలాను.

తరచూ విమానమెక్కేవాళ్లకు కంపెనీ ఇచ్చే గోల్డ్ హోదా జారిపోకుండా, ఏ పనీ లేని ఒక ఊరికి విమానంలో వెళ్లి, అదే విమానంలో అదే సీట్లో తిరిగొచ్చాను. ఎయిర్‌హోస్టెస్ నన్ను గుర్తుపట్టి, ఏమైనా మరిచిపోయారా సర్ అని కంగారుగా సీటు కింద వెతికింది. ఆ రోజు మా పెళ్లిరోజని మాత్రం ఇంటికొచ్చాకే గుర్తొచ్చింది.

ఇక సరిపోయాయి, రేపు బుక్ చేద్దామనుకుంటుండగా మెయిలొచ్చింది. 'శుభవార్త!' అని మొదలైంది. వాళ్ల మెయిళ్లన్నీ శుభవార్త అనే మొదలవుతాయి. పథకాన్ని మా సౌకర్యం కోసం మరింత సరళం చేశారట. సారాంశం ఏమిటంటే, నిన్నటిదాకా రెండు టికెట్లకు సరిపోయే మైళ్లకు నేడు ఒక్కటి కూడా రాదు. అదీ మోకాళ్లు గడ్డానికి ఆనే సీటే! కస్టమర్ కేర్ అమ్మాయికి ఫోను చేశాను. మీకు ఇంకా మెరుగైన విలువ అందించడానికే సర్, అంది. ఆ గొంతులో ఎంత ఆప్యాయత! తగ్గించింది ఎవరికి, మెరుగుపడింది ఎవరికి అని అడగబుద్ధి కాలేదు.

ఇప్పుడు నిదానంగా ఆలోచించండి. ఇందులో మేలు కాక ఏముంది? ఆస్తి శాశ్వతం కాదని ఎందరో చెప్పినా వినని మనకు, విమానం వాళ్లు ఒక్క మెయిలుతో వైరాగ్యం నేర్పారు. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, నా గోల్డ్‌కు పై మెట్టు హోదా ఆయనది కాబట్టి అందరూ ప్లాటినం అనే పిలుస్తారు. ఒకప్పుడు అందరికంటే ముందు విమానమెక్కి, వెనకొచ్చేవాళ్లను జాలిగా చూసేవాడు. ఇప్పుడు సగం విమానం ప్లాటినమే అయిపోయి, ముందెక్కేవాళ్ల వరసే తోకలా పొడుగైంది. మామూలు వరసలో నిలబడితేనే త్వరగా ఎక్కొచ్చని ఆయనే కనిపెట్టాడు. హోదా ఉన్నవాళ్లు కూర్చునే లాంజ్‌లో కుర్చీ దొరక్క గోడకానుకుని పకోడీల్లాంటివేవో నములుతూ, పక్కనున్న వాళ్లతో కష్టసుఖాలు మాట్లాడుతున్నాడు. ఇంతటి సమానత్వం ఎన్ని ఉద్యమాలు చేస్తే వస్తుంది?

పైగా ఆరోగ్యం! ఉచిత టికెట్ దొరికినవాడు ప్రయాణం చేసి అలసిపోతాడు. దొరకనివాడు హాయిగా ఇంట్లో ఉంటాడు. బంధుత్వాలు కూడా చెక్కుచెదరవు. వెళితే కదా మాటా మాటా వచ్చేది!

ఈ సత్యాలన్నీ మా ఆవిడకు విడమరిచి చెప్పాను. ఇంకొక్క ఏడాది ఓపిక పడితే, పథకం మళ్లీ మారవచ్చని కూడా చెప్పాను. ఆవిడ అల్మారా మీదనుంచి సూట్‌కేసు దించి దుమ్ము తుడుస్తోంది.

"నా టికెట్ ఎప్పుడో కొనేశానండీ," అంది. "పరదాలు కుట్టిన డబ్బులతో. మీకు చెప్పాను కూడా."

అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని నెలల కిందట, చవగ్గా ఉన్నాయి, మీకూ ఒకటి కొననా అని అడిగింది. నేను పేపరు చదువుతూ, ఏ కంపెనీ అని అడిగాను. చెప్పింది. ఆ కంపెనీ విమానంలో వెళితే నా ఖాతాలో ఒక్క మైలు కూడా పడదు. అలాంటి విమానంలో ఎవరైనా ఎక్కుతారా అని నవ్వాను కూడా. ఇప్పుడేమో అదే విమానంలో టికెట్ ధర చూస్తే కళ్లు బైర్లు కమ్మాయి.

అలా ఆవిడ ఒక్కతే బయల్దేరింది. నేను ఎయిర్‌పోర్టు దాకా వెళ్లి సూట్‌కేసు మోశాను. కౌంటర్లో అమ్మాయి, మెంబర్‌షిప్ నంబరేమైనా ఉందా మేడమ్ అని అడిగింది. ఇంత తెలివైన భర్త పక్కనుండగా ఆవిడకు ఒక నంబరైనా లేకపోవడం నాకు తలవంపులుగా అనిపించింది.

"లేదమ్మా," అంది మా ఆవిడ. "మా అక్కని చూసొద్దామని, అంతే."

వదిన ఆఖరి క్లాసు రోజున మా ఆవిడ వీడియో కాల్ చేసి, ఫోనును వెనక బెంచీకి వెనకున్న కిటికీ గట్టు మీద నిలబెట్టింది. నేను వంటింట్లో చల్లారిన కాఫీ ముందు పెట్టుకుని చూస్తున్నాను. మా ఆవిడ పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. ముందు వరసల్లో పిల్లల జడలు, మెడలు. బల్ల దగ్గర వదిన, చేతినిండా సుద్దపొడి. చెల్లెలి వైపు చూసి నవ్వి, పిల్లలకు ఆఖరి లెక్క చెప్పడం మొదలుపెట్టింది.

ఒకాయన ఉచితంగా ఓడ ఎక్కుదామని నడుస్తున్నాడట. ఆయన ఏడాదికి ఎంత నడుస్తాడో, ఓడ అంతకు రెట్టింపు ముందుకు జరుగుతుందట. ఆయన ఓడను ఎప్పటికి చేరుకుంటాడు? నేను ఫోను పట్టుకుని కాస్త నిటారుగా కూర్చున్నాను.

పిల్లలంతా తలలు వంచి గబగబా రాసుకుంటున్నారు. పక్క వరసలో ఒక అమ్మాయి మాత్రం రాయకుండా చెయ్యెత్తింది.

"టీచర్, ఆయన అంత దూరం నడవడం ఎందుకు? టికెట్‌కి డబ్బుల్లేవా ఆయన దగ్గర?"

వదిన వెనక బెంచీ వైపు చూసింది. మా ఆవిడ, చిన్నప్పుడు అక్క ముందు ఎక్కం ఒప్పజెప్పినట్టు, లేచి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఉన్నాయి," అంది.

క్లాసంతా నవ్వింది. వదిన నవ్వబోయి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మా ఆవిడ బెంచీల మధ్య నుంచి నడిచి అక్క దగ్గరికి వెళ్లింది. తర్వాత నాకు కనిపించినవి ఆ రెండు ఖాళీ చోట్లే.

పాఠకులారా, విమానం వాళ్ల మీద నాకేమీ కోపం లేదు. మైళ్లు వాళ్లవి, పెంచుకుంటారో తుంచుకుంటారో వాళ్లిష్టం. కానీ ఆ బెంచీలో నా చోటుకు ఒక్క మైలు కూడా అక్కర్లేదని ముందే ఒక మెయిలు పెట్టి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది? అది ఒక్కటే నాకు మహా బాధగా ఉంది.